నాన్న దగ్గరికి పోయిన బిడ్డ నాన్‌లోకల్ ఎట్లా అయింది?

తెలంగాణ ప్రభుత్వానికి గల్ఫ్ తల్లిదండ్రుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి నమస్కారాలు.

సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో, దమ్మాం, అల్ ఖోబర్, జుబైల్ పట్టణాల్లో భార్యాపిల్లలతో ఉంటున్న తెలంగాణ వాళ్ళం మేము. మాది నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాలు. మాలో ఫోర్‌మన్లున్నారు, వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్లున్నారు, సేఫ్టీ ఆఫీసర్లు, నర్సులు, అకౌంటెంట్లు, స్టోర్ కీపర్లు ఉన్నారు. చాలామందిమి మొదట లేబర్ వీసా మీద వచ్చి, క్యాంపుల్లో ఉండి, ఇకామాలో (సౌదీ నివాస అనుమతి కార్డులో) వృత్తి మార్పించుకుని, జీతం కాస్త పెరిగాక ఇంటివాళ్ళను తెచ్చుకున్నవాళ్ళమే.

2024 సెప్టెంబరులో గల్ఫ్ కార్మికుల కోసం మీ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు మాకు తెలుసు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం, ప్రజాభవన్‌లో ప్రవాసీల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో సీట్లు. వాటికి కృతజ్ఞతలు. అవన్నీ ఊర్లో ఉండిపోయిన కుటుంబాల కోసం, లేదా శవపేటికలో తిరిగి వచ్చినవాళ్ళ కోసం. తండ్రి దగ్గరికి వెళ్ళి నాలుగేళ్ళు చదివి, ప్రాణాలతో తిరిగి వచ్చే పిల్లల మాట వాటిలో ఎక్కడా లేదు. మెడికల్ సీట్ల దగ్గర నాన్‌లోకల్ అయిపోతున్న ఆ పిల్లల గురించే ఈ లేఖ.

ఇంతకు ముందు మెయిళ్ళు పంపాం. సెలవు మీద వెళ్ళినవాళ్ళు పెద్దలను కలిసి వినతిపత్రాలు ఇచ్చి వచ్చారు. కాగితం అందిందన్నారు తప్ప జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, "సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, ఇంక మా చేతిలో ఏముంది" అన్నారు. చేతిలో ఉంది. ఎట్లా ఉందో కింద రాస్తున్నాం.

ముందు నిబంధన సంగతి. తెలంగాణ మెడికల్, డెంటల్ కాలేజీల ప్రవేశ నిబంధనలు 2017లో వచ్చాయి. వాటిని 2024 జూలై 19న జీవో 33 ద్వారా సవరించారు. ఎంబీబీఎస్, బీడీఎస్‌లలో స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, తెలంగాణలోనే చదివి ఉండాలి. అంతకు ముందు, ఆ నాలుగేళ్ళు కుదరకపోతే ఏడేళ్ళ చదువును లెక్కలోకి తీసుకుని ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడిగా చూసే దారి ఒకటి ఉండేది. సవరణలో అది పోయింది. హైకోర్టు 2024 సెప్టెంబరు 5న విద్యార్థులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మీరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు మీ నిబంధన చెల్లుతుందని చెప్పింది.

ఆ తీర్పును మేము ప్రశ్నించడం లేదు. స్థానికత అంటే ఏమిటో తెలంగాణ వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1969లో మా పెద్దవాళ్ళు దాని కోసమే రోడ్డెక్కారు. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఇచ్చే రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని కింద 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు ఊరికే రాలేదు. బయటివాళ్ళు వచ్చి మన సీట్లు తన్నుకుపోకూడదన్న మీ మాట మా మాట కూడా.

కానీ ఇదే నిబంధన కింద ఏం జరుగుతున్నదో ఒకసారి చూడండి. దేశంలో ఏ మూల నుంచి వచ్చిన కుటుంబమైనా హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లవాడిని తొమ్మిదిలో చేర్చి ఇంటర్ దాకా చదివిస్తే ఆ పిల్లవాడు లోకల్. అందులో తప్పేమీ లేదు, చదువుకోనివ్వండి. కోరుట్లలో పుట్టి, తాత ముత్తాతల భూమి పాస్‌బుక్కులు కోరుట్లలోనే ఉండి, ఏడో తరగతి దాకా అక్కడే చదివి, నాన్న ఫ్యామిలీ వీసా తీస్తే జుబైల్ వెళ్ళిన అమ్మాయి మాత్రం నాన్‌లోకల్. తెలంగాణకే కాదు, ఆ అమ్మాయి దేశంలో ఏ రాష్ట్రానికీ లోకల్ కాదు. సౌదీ వాళ్ళకు ఎట్లాగూ పరాయిదే.

ఇందులో మరో చిత్రం ఉంది. భార్యాబిడ్డలకు ఫ్యామిలీ వీసా తీయాలంటే పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు కావాలి. వాటికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన, పత్రం విదేశంలో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర వేయించాలి. 2022 డిసెంబరులో సౌదీ అపోస్టిల్ ఒప్పందంలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఎంబసీ ముద్ర బాధ తప్పింది, అంతవరకు నయం. ఈ బిడ్డ తెలంగాణలో పుట్టిందని, ఫలానా దంపతుల సంతానమని రాష్ట్ర సచివాలయమే ముద్ర వేసి లోకానికి చెబుతుంది. ఆరేళ్ళ తర్వాత కౌన్సెలింగ్‌లో అదే రాష్ట్రం నువ్వు మా బిడ్డవు కావంటుంది.

ఇక ఈ నిబంధన మామూలు కుటుంబాలకు ఏం చేస్తున్నదో వివరంగా రాస్తున్నాం.

1. కుటుంబం ఎనిమిదో తరగతి దగ్గర రెండుగా చీలుతున్నది.

గల్ఫ్‌లో ఇంటివాళ్ళతో ఉండడం ఎంత ఖర్చో ఊర్లో కూర్చుని ఊహించడం కష్టం. సౌదీలో 2017 జూలై నుంచి డిపెండెంట్ ఫీజు పెట్టారు. మొదటి ఏడాది మనిషికి నెలకు 100 రియాళ్ళు, ఆపైన ఏటా నూరు పెంచుకుంటూ 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు. రూపాయల్లో మూడు లక్షలు దాటుతుంది. ఆరు వేల రియాళ్ళ జీతగాడికి అది అయిదో వంతు. దీనిపైన ఇంటి అద్దె, స్కూలు ఫీజు, స్కూలు బస్సు, ఊరికి వచ్చిన ప్రతిసారీ ఎగ్జిట్ రీఎంట్రీ రుసుము, టికెట్లు. ఆ ఫీజు పెట్టిన కొత్తలో వేల కుటుంబాలు సామాన్లు అమ్ముకుని ఇంటికి వచ్చేశాయి. భరించలేనివాళ్ళు ఇప్పటికీ విజిట్ వీసా మీద తెచ్చుకుని, గడువు తీరకముందే బహ్రెయిన్ వంతెన దాటి వెనక్కి వస్తూ నెట్టుకొస్తుంటారు.

ఇంత ఖర్చు పెట్టి ఎందుకు తెచ్చుకుంటారని అడిగేవాళ్ళు ఉన్నారు. రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల సెలవు మీద వచ్చే తండ్రిని సొంత బిడ్డ "అంకుల్" అని పిలిచిన ఇళ్ళు మా ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అందుకు తెచ్చుకుంటారు.

ఇప్పుడు జీవో 33 లెక్క ప్రకారం, పిల్లకు డాక్టర్ కావాలని ఉంటే తొమ్మిదో తరగతికి ముందే ఊరికి పంపించాలి. పదమూడేళ్ళ పిల్లను ఒంటరిగా పంపలేం కాబట్టి తల్లి కూడా వెనక్కి. చిన్నవాడు తల్లిని విడిచి ఉండలేడు, వాడూ వెనక్కి. తండ్రి మళ్ళీ బ్యాచిలర్ రూముకు. ఆ పిల్లకు నాలుగేళ్ళ తర్వాత నీట్‌లో ర్యాంకు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. రాదేమో అనుకుని ఉంచితే, వస్తే ఏం చేయాలి? ఏ తండ్రీ ఆ పందెం కాయలేడు. అందుకే డాక్టర్ కాబోయే పిల్లలే కాదు, అవుతారేమోనన్న ఆశ ఉన్న పిల్లలందరి ఇళ్ళూ చీలుతున్నాయి.

2. ఇంట్లో ఎక్కువ నష్టపోతున్నది ఆడపిల్లలు.

ఇది మా మధ్య మాట్లాడుకుంటే బయటపడిన సంగతి. అబ్బాయి అయితే హాస్టల్లో వేస్తున్నారు. అమ్మాయి అయితే, హాస్టల్లో ఒక్కదాన్ని ఎట్లా ఉంచుతామని, తల్లి వెనక్కి వెళ్తే చిన్నపిల్లల చదువు పాడవుతుందని లెక్కలు వేసి, చివరికి "డాక్టర్ వద్దులే, ఇంకేదైనా చదువు" అంటున్నారు. నూటికి తొంభై అయిదు తెచ్చుకునే పిల్లలకు ఈ మాట చెప్పాల్సి వస్తున్నది. అలా అనే తండ్రులను మేము సమర్థించడం లేదు. కానీ వాళ్ళ చేతికి ఆ సాకు ఇచ్చింది నిబంధనే.

3. వెళ్ళే తేదీ, వచ్చే తేదీ మా చేతిలో ఉండవు.

డిపెండెంట్ అన్న మాటకు అర్థమే అది. భార్య ఇకామా, పిల్లల ఇకామాలు తండ్రి ఇకామాకు కట్టి ఉంటాయి. కంపెనీ ప్రాజెక్టు అయిపోయిందంటే, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఫైనల్ ఎగ్జిట్ కొట్టి శాశ్వతంగా పంపేశాడంటే, తండ్రి చనిపోయాడంటే ఇంటిల్లిపాదీ గడువు లోపల దేశం విడవాలి. పిల్ల పదో తరగతిలో ఉందా, పదకొండులో ఉందా అని జవాజాత్ (సౌదీ పాస్‌పోర్టు శాఖ) వాళ్ళు అడగరు. పదకొండో తరగతి మధ్యలో తిరిగి వచ్చిన పిల్లకు వరుస నాలుగేళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? తండ్రి పోయిన ఇంటికి మీరు 5 లక్షలు ఇస్తారు. అదే ఇంటి పిల్లను నాన్‌లోకల్ అని పక్కన పెడతారు. ఈ రెండూ ఒకే ప్రభుత్వం చేస్తున్నది.

వెళ్ళే తేదీ సంగతీ అంతే. కువైట్ 2022లో ఫ్యామిలీ వీసాలు ఆపేసింది. 2024 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు 800 దీనార్ల జీతం, డిగ్రీ ఉండాలంది. డిగ్రీ షరతును ఆ ఏడాది జూలైలో ఎత్తేసింది. అన్నేళ్ళు ఎదురుచూసి అప్పుడు వీసా దొరికిన ఇంట్లో పెద్దపిల్ల తొమ్మిదిలో ఉంటే ఆ తప్పు ఎవరిది?

4. ఎన్ఆర్ఐ కోటా మాది కాదు.

"మీరు ఎన్ఆర్ఐలే కదా, మీకు వేరే కోటా ఉంది" అని చాలామంది అంటున్నారు, అధికారులు కూడా. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఎన్ఆర్ఐ కోటా సీటు ఏడాదికి ఇరవై లక్షల రూపాయలకు పైమాటే. మా ఫోర్‌మన్ ఏడాదంతా సంపాదించేది, ఒక్క రియాల్ తినకుండా దాచినా, దానికి చాలదు. ఎన్ఆర్ఐ అనగానే డాలర్లు, కార్లు, మేడలు గుర్తొస్తాయి. పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్రతో (చదువు తక్కువ ఉన్నవాళ్ళు విదేశీ పనికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న ముద్ర) మొదలైనవాడు కూడా ఆ లెక్కలో ఎన్ఆర్ఐయే. ఈ ఒక్క మాట కింద అందరినీ కట్టేయకండి.

దేశవ్యాప్త కోటా ఉంది కదా అనవచ్చు. ఉంది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం. దేశమంతా దాని కోసమే పోటీ పడుతుంది. తోటి తెలంగాణ పిల్లకు కన్వీనర్ కోటాలో (రాష్ట్ర కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో) సీటు వచ్చే ర్యాంకుకే మా పిల్లకు దానిలో రాదు. 2014 జూన్ 2 తర్వాత వచ్చిన కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లన్నీ స్థానికులకే అని 2023లో నిర్ణయించారు. కొత్తగా జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. జగిత్యాలలో, సిరిసిల్లలో, నిర్మల్‌లో కూడా వచ్చింది. ఆ ఊర్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్ళ పిల్లలు మాత్రం వాటి గేటు దాటలేరు.

5. పక్క బెంచీ పిల్లకు ఈ బాధ లేదు.

ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో మా పిల్లల పక్కన కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది మలయాళీలు. కేరళలో వృత్తివిద్య ప్రవేశాలకు పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పుట్టిన ఊరు చూస్తారు. తల్లి గానీ తండ్రి గానీ కేరళలో పుట్టినట్టు పాస్‌పోర్టులో ఉంటే సరిపోతుంది. బిడ్డ రియాద్‌లో చదివినా కేరళ బిడ్డే. కేరళకు 371-డి లేదు, మనకు ఉంది, నిజమే. కానీ గల్ఫ్ నుంచి వచ్చే పిల్లలను ఏం చేయాలన్న ఆలోచన వాళ్ళు ముందే చేసుకున్నారు. మనం ఇంకా మొదలు పెట్టలేదు.

ఇప్పుడు "మా చేతిలో ఏముంది" అని అధికారులు అన్న మాటకు వద్దాం. సుప్రీంకోర్టు చెప్పింది స్థానికులెవరో నిర్వచించే అధికారం రాష్ట్రానికి ఉందని. గల్ఫ్ పిల్లలకు మినహాయింపు ఇవ్వొద్దని చెప్పలేదు. పైగా కోర్టు ముందు ప్రభుత్వమే కొందరికి మినహాయింపు ఇస్తామని ఒప్పుకుంది. రాష్ట్రం బయట పనిచేసిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు, తెలంగాణ క్యాడర్ అఖిల భారత సర్వీసు అధికారుల పిల్లలు, తెలంగాణను సొంత రాష్ట్రంగా చూపిన సైనికులు, కేంద్ర సాయుధ బలగాల వాళ్ళ పిల్లలు, బదిలీ మీద ఎక్కడికైనా వెళ్ళాల్సిన రాష్ట్ర సంస్థల ఉద్యోగుల పిల్లలు ఆ జాబితాలో ఉన్నారు. వాళ్ళకు ఇవ్వడం న్యాయమే. సరిహద్దులో కాపలా కాసేవాడి బిడ్డకు ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తాం?

కానీ ఆ మినహాయింపు వెనక ఉన్న తర్కం ఏమిటి? తండ్రి ఉద్యోగం వల్ల బిడ్డ రాష్ట్రం విడిచి చదవాల్సి వచ్చింది, ఆ దోషం బిడ్డ మీద వేయకూడదు. అంతే కదా. అదే తర్కం ఢిల్లీకి బదిలీ అయిన ఐఏఎస్ అధికారి బిడ్డకు వర్తించి, శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కింద ఆయకట్టు ఎండిపోయిన ఏళ్ళలో అప్పు తీర్చడానికి సౌదీ వచ్చినవాడి బిడ్డకు ఎందుకు వర్తించదు? ఆయనకు బదిలీ ఉత్తర్వు చేతికి ఇచ్చారు. మాకు ఎవరూ ఇవ్వలేదు, అప్పుల వాళ్ళు ఇచ్చారు.

ఇంకో ఉదాహరణ మీ దగ్గరే ఉంది. ఇంజనీరింగ్ తదితర కోర్సుల్లో 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు ఎవరు అర్హులో 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చారు. రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలం మినహా తల్లి గానీ తండ్రి గానీ మొత్తం పదేళ్ళు ఇక్కడ నివసించి ఉంటే బిడ్డ ఆ సీట్లకు పోటీ పడవచ్చని అందులో ఉంది. తల్లిదండ్రుల మూలం చూడడం మీకు కొత్త కాదన్నమాట. బీటెక్‌కు కొంతవరకైనా తెరిచిన తలుపు ఎంబీబీఎస్ స్థానికత దగ్గరికి వచ్చేసరికి మూసుకుంది.

రెండు అభ్యంతరాలు మాకు వినిపించాయి, వాటికీ జవాబు చెబుతాం.

ఒకటి, ఈ తలుపు తెరిస్తే అమెరికా, లండన్ డబ్బున్నవాళ్ళ పిల్లలు వచ్చి పడతారని. ఆ భయం సమంజసమే. ఆదాయ పరిమితి పెట్టండి. తండ్రి జీతం పత్రం, ఇకామాలో వృత్తి చూడండి. విదేశీ పౌరసత్వం ఉన్న పిల్లలను పక్కన పెట్టండి. మేము దేనికీ అడ్డు చెప్పం.

రెండోది, దొంగ సర్టిఫికెట్లు. నిజం చెప్పాలంటే గల్ఫ్‌లో ఉన్నవాడు దొంగ కాగితం పుట్టించడం కన్నా ఊర్లో దొంగ నివాస పత్రం పుట్టించడం తేలిక. మా పిల్లల ప్రతి రాక, ప్రతి పోక పాస్‌పోర్టులో, ఇమిగ్రేషన్ రికార్డులో ఉంటుంది. ఇకామా నంబరు మీద అన్ని వివరాలూ వస్తాయి. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో చాలావరకు సీబీఎస్ఈవి, మార్కుల మెమోలు ఢిల్లీలోనే సరిచూసుకోవచ్చు. టీసీ మీద ఎంబసీ ముద్ర అడగండి, తెచ్చి ఇస్తాం.

ఇక మా డిమాండ్లు.

1. ఇప్పటికే ఒప్పుకున్న మినహాయింపుల జాబితాలో ఇంకొక వర్గాన్ని చేర్చండి: విదేశంలో ఉద్యోగం చేస్తున్న తల్లి లేదా తండ్రి మీద డిపెండెంట్ వీసాతో ఉండి అక్కడ చదివిన పిల్లలు. ఆ తల్లి గానీ తండ్రి గానీ తెలంగాణలో నాలుగేళ్ళు వరుసగా చదివి ఉండాలని, లేదా ఇక్కడ పుట్టి ఉండాలని షరతు పెట్టండి. ఆదాయ పరిమితి మీరే నిర్ణయించండి.

2. అది వెంటనే కాదంటే, కనీసం డిపెండెంట్ వీసా మీద బయట చదివిన ఏళ్ళను లెక్కలోంచి తీసేయండి. వెళ్ళకముందు తెలంగాణలో చదివిన వరుస నాలుగేళ్ళు, లేదా ముందూ వెనకా కలిపి చదివిన నాలుగేళ్ళు ఉంటే స్థానికుడిగా గుర్తించండి. ఏడో తరగతి దాకా ఇక్కడ చదివిన పిల్లకు ఇది చాలు.

3. తండ్రి మరణం, ఉద్యోగం పోవడం, ఫైనల్ ఎగ్జిట్, యుద్ధం, మహమ్మారి వంటి కారణాలతో చదువు మధ్యలో తిరిగి వచ్చిన పిల్లలకు ఏ షరతూ లేకుండా స్థానికత ఇవ్వండి. మరణం విషయంలో మీరు ఇచ్చే సాయం ఉత్తర్వే రుజువు. దీనికి కమిటీలు అవసరం లేదు, ఒక్క పేరా సవరణ చాలు. ఈ ఒక్కటి ఈ ఏడాదే చేయాలని గట్టిగా కోరుతున్నాం.

4. జీవో 33 వచ్చిన నాటికే విదేశంలో ఎనిమిది, ఆ పైతరగతుల్లో ఉన్న పిల్లలు ఆ నిబంధన తెలిసి వెళ్ళినవాళ్ళు కాదు. 2024-25లో కోర్టుకు వచ్చిన విద్యార్థులకు ఒక్కసారికి వెసులుబాటు ఇచ్చారు. కోర్టు ఫీజు, లాయరు ఫీజు కట్టలేక, సెలవు దొరక్క రాలేకపోయినవాళ్ళకూ అదే వెసులుబాటు ఆ బ్యాచులు పూర్తయ్యేదాకా ఇవ్వండి.

5. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన పిల్లలను ఏడాది మధ్యలోనైనా ప్రభుత్వ పాఠశాలల్లో, మోడల్ స్కూళ్ళలో చేర్చుకోవాలని జిల్లా విద్యాధికారులకు రాతపూర్వక ఆదేశాలు ఇవ్వండి. గురుకులాల్లో గల్ఫ్ పిల్లల సీట్లకు తిరిగి వచ్చినవాళ్ళు కూడా అర్హులని స్పష్టం చేయండి. తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం తెచ్చారు, మాకు ఇష్టమే. అయితే రెండో భాషగా హిందీయో అరబిక్కో చదివి తొమ్మిదిలోకి వచ్చిన పిల్లకు తెలుగు రాయడం నేర్చుకోవడానికి కాస్త గడువు, ఒక టీచరు కావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, రాయడమే రాదు.

6. విదేశాల్లో డిపెండెంట్ వీసా మీద చదువుతున్న తెలంగాణ పిల్లలు ఎంతమందో, వారిలో ఏటా నీట్ రాసేవాళ్ళు ఎంతమందో ప్రభుత్వం లెక్క తీయాలి. గల్ఫ్‌లోనూ నీట్ కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఇది కష్టమైన పని కాదు. లెక్క తీస్తే, ఈ సంఖ్య ఊర్లో చదివే పిల్లల సీట్లకు గండి కొట్టేంత పెద్దది కాదని మీకే తెలుస్తుందని మా నమ్మకం. మా నమ్మకం తప్పయితే ఆ లెక్క మా ముందు పెట్టండి, అప్పుడు పరిమితి గురించి మాట్లాడుకుందాం.

వచ్చే నీట్ కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వెలువడేలోపు ఈ ఆరింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయకపోతే ఎందుకు చేయరో రాతపూర్వకంగా చెప్పండి. ప్రవాసీ ప్రజావాణికి వచ్చి కలవమన్నా సరే. సెలవు మీద ఎవరో ఒకరం ఊర్లో ఉంటూనే ఉంటాం.

శాసనసభలో ఉత్తర తెలంగాణ నుంచి గెలిచిన సభ్యులకు కూడా ఒక మాట. ఎన్నికలప్పుడు గల్ఫ్ సంఘాల సమావేశాలకు అన్ని పార్టీల వాళ్ళూ దుబాయ్, కువైట్, దమ్మాం దాకా వచ్చి వెళ్ళారు. మా ఇళ్ళలో అన్నం తిన్నారు. ఈ లేఖలో మూడో డిమాండును సభలో అడగడానికి మీలో ఎవరు ముందుకు వస్తారో చూస్తున్నాం.

తోటి తల్లిదండ్రులకు: పిల్ల ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉంటే ఈ నిబంధన ఇప్పటికీ అమల్లో ఉందని గుర్తుంచుకోండి. ఏజెంటు చెప్పిన మాట నమ్మి నిర్ణయం తీసుకోవద్దు, జీవో చదివించుకోండి. టీసీలు, బోనఫైడ్లు, పిల్లల పాత పాస్‌పోర్టులు, గడువు తీరిన ఇకామాల కాపీలు ఒక్కటీ పారేయవద్దు. రేపు మినహాయింపు వస్తే అవే అడుగుతారు.

ఇట్లు,
తూర్పు సౌదీలో కుటుంబాలతో ఉంటున్న తెలంగాణ తల్లిదండ్రుల తరఫున,
జుబైల్ నుంచి ఒక తండ్రి